తిరగలికొండలో చీమదారి

పూర్వం తూర్పు కొండలకూ సముద్రానికీ నడుమ రంగవరం అనే చిన్న రాజ్యం ఉండేది. అప్పటివాళ్ళెవరూ ఇప్పుడు లేరు గనక నేను చెప్పిందే మీరు నమ్మాలి. రంగవరం లక్కబొమ్మలకు పెట్టింది పేరు. అంకుడు కర్రను చెక్కి, రంగు కలిపిన లక్కను వేడిగా పట్టించి బొమ్మలు చేసేవారు. "మా రంగు ఏడు తరాలైనా చెక్కుచెదరదు" అని అక్కడి వడ్రంగులు మీసాలు మెలేసేవారు. అది వట్టి గొప్ప కాదు, నిజమే. చెరగకుండా నిలిచేదే మంచి పని అని ఆ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పేవారు.

ఆ రాజ్యాన్ని శరభపాలుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాదు గానీ ఆయనకొక పిచ్చి ఉండేది. దారి అంటే తిన్నగానే ఉండాలి. అడ్డం వచ్చినదాన్ని నరికించడమే తప్ప పక్కకు తిరగడమన్నది ఆ వంశంలో లేదు. ఆయన అడవిని చీల్చుకుంటూ ఒక రహదారి వేయించాడు. చెట్లు కొట్టించాడు, గుట్టలు తవ్వించాడు, ఆ రాళ్ళూ మట్టీ తీసుకెళ్ళి ఒక గుహ వాకిట్లో పోయించాడు. ఆ గుహ దిగ్భ్రముడనే రాక్షసుడి ఇల్లు.

వేటకు వెళ్ళిన రాక్షసుడు తిరిగి వచ్చి చూస్తే ఇల్లు లేదు. వాడు అడవంతా వెతికి, వెతికి, చివరికి కోట ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాడి భుజం మీద నిలువెత్తు మట్టికుండ ఉంది.

"శరభపాలా! నా ఇంటికి నాకే దారి లేకుండా చేశావు. నేటి నుంచి నీ ప్రజల్లో గడప దాటినవాడెవడూ మళ్ళీ తన గడప చేరడు. మీ ఇంటిదారులన్నీ ఈ కుండలో పోసి తిరగలికొండకు పట్టుకుపోతున్నాను. చేవ ఉంటే వచ్చి పగలగొట్టుకోండి!" అని గర్జించి వెళ్ళిపోయాడు.

మొదట ఎవరూ నమ్మలేదు. పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళినవాడు వెనక్కి రాలేదు. వాడిని పిలుచుకొస్తానని వెళ్ళిన తమ్ముడూ రాలేదు. పొలాల్లో ఉన్నవాళ్ళు, సంతకు పోయినవాళ్ళు, పక్కింటికి నిప్పు కోసం వెళ్ళినవాళ్ళు, అందరూ అలా తిరుగుతూనే ఉండిపోయారు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇల్లు వచ్చేస్తుందని వాళ్ళకు ఎప్పుడూ అనిపించేది. అందుకని కూర్చునేవారు కారు, ఆగేవారు కారు. తమ ఇంటి ముందు నుంచే నడిచిపోతూ ఇల్లు పోల్చుకోలేకపోయేవారు. చెయ్యి పట్టి లాగినా గడప దగ్గరికి రాగానే వాళ్ళ కాళ్ళు పక్కకు తిరిగిపోయేవి. ఇళ్ళలో మిగిలినవాళ్ళు పిల్లలను చీరలతో స్తంభాలకు కట్టేసి, గాదె అడుగున మిగిలిన గింజలు ఊడ్చుకుంటూ ఏడ్చేవారు.

రాజు సైన్యాన్ని తిరగలికొండకు పంపాడు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఆ తర్వాత పంపడానికి ఆయన దగ్గర ఎవరూ లేరు.

కోట కింది వీధిలో అప్పలాచారి అనే బొమ్మల వడ్రంగి ఉండేవాడు. మర తిప్పి వదిలితే గడగడా నడిచే బొమ్మలు చేయడంలో అతన్ని మించినవాడు లేడు. అతని భార్య నూకాలు, కూతురు పగడాలు. శాపం పడిన పొద్దున నూకాలు కట్టెపుల్లల కోసం ఊరి చివరికి వెళ్ళింది. అంతే.

అప్పటి నుంచి రోజూ ఆమె వాళ్ళ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళేది. పగడాలు గడప లోపల నిలబడి గొంతు చించుకుని అరిచేది.

"అమ్మా! ఇదేనమ్మా మన ఇల్లు! ఇటు చూడమ్మా!"

నూకాలు ఒక్క క్షణం ఆగి, ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసేది. "ఎవరమ్మా నువ్వు? అప్పలాచారి ఇల్లెక్కడో చెప్తావా? నా కూతురు ఆకలికి ఆగలేదు, బేగి వెళ్ళాల" అనేది. జవాబు వినకుండానే నడిచిపోయేది. ఆమె పాదాలు పగిలి, నడిచిన చోటల్లా మట్టి మీద నెత్తురు చుక్కలు పడేవి. ఒకనాటి పొద్దున ఆమె వీధి మధ్యలో కూలబడింది. చేతులు నేలకు ఆనించి లేచింది. మళ్ళీ నడిచింది.

పగడాలు లోపలికి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నేను తిరగలికొండకి వెళ్తాను."

"ఏటే, మతి గాని పోయిందా? సైన్యమే తిరిగి రానేదు. నువ్వూ పోతే నాకెవరున్నారే?"

"అమ్మ ఇంకెన్నాళ్ళు నడుస్తాది నాన్నా? నువ్వూ చూసినావు కదా. మన నడిచే బొమ్మల్ని పట్టుకెళ్తాను. శాపం మనుషులకే గదా. బొమ్మకి ఇల్లేది, దారి మర్చిపోడానికి?"

"బొమ్మకి బుర్ర కూడా లేదు. గోడకి కొట్టుకుంటే ఎల్లకిలా పడుద్ది. అది నీకు దారేటి చూపిస్తాది?"

"ఇంట్లో కూకుంటే మాత్రం అమ్మ వొస్తాదా?"

అప్పలాచారి లేచాడు. అతను తన నడిచే బొమ్మలన్నీ తీసి, ఒక్కొక్కదాని మర బిగించి, గంపలో పేర్చాడు. పైన నాలుగు లక్క కడ్డీలు కూడా పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. వడ్రంగి కూతురు ఊరికి పోతుంటే వడ్రంగి అంతకంటే ఏం ఇవ్వగలడు? గడప దాకా వచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

పగడాలు గడప దాటి, చెయ్యి ఊపుదామని వెనక్కి తిరిగింది. అక్కడ ఇల్లు లేదు. బ్రహ్మజెముడు పొద ఉంది. ఎక్కడో చాలా దూరం నుంచి "తల్లీ, తల్లీ" అని తండ్రి పిలుపు వినిపించింది. శాపం ఇంత తొందరగా తగులుతుందని ఆమె అనుకోలేదు. గంప నెత్తిన పెట్టుకుని, ఏడుస్తూనే రాజుగారి రహదారి వెంట అడవిలోకి నడిచింది. తిరగలికొండకు పోవడానికి ఎవరికీ అడ్డు లేదు. తిరిగి రావడానికే దారి లేదు.

అడవిలో ఒకచోట కాళ్ళు పీకి గంప దించి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకునేసరికి గంప కింద ఏదో కదులుతోంది. సరిగ్గా చీమల బారు మీద గంప పెట్టింది! బారు రెండుగా తెగిపోయింది. చీమలు గంపను మీసాలతో తడిమి, కొన్ని ఇటూ కొన్ని అటూ తిరిగాయి. ఇటువైపు చుట్టు దగ్గర, అటువైపు దూరం. మొదట రెండు వైపులా సమానంగానే పోయాయి. చూస్తుండగానే దూరపు వైపు పోయేవి తగ్గిపోయి, కాసేపటికి బారంతా దగ్గర దారిన పడింది.

"ఎవరూ చెప్పకుండా వీటికి దగ్గర దారి ఎలా తెలిసింది?" అనుకుంది పగడాలు పైకే.

"మా దారి మీద గంప పెట్టిందే కాక పైగా ప్రశ్నలా?" అని పక్కనున్న పుట్ట మీంచి ఒక గొంతు వినిపించింది. చింతగింజంత చీమ ఒకటి అక్కడ కూర్చుని ఉంది. చీమల పెద్దమ్మ ఆమె. వయసు ఎంతో ఎవరికీ తెలియదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

పగడాలు గబుక్కున గంప తీసి, చేతులు జోడించింది. "తప్పయిపోయింది పెద్దమ్మా. మా అమ్మ ఇల్లు మర్చిపోయి నడుస్తూ నడుస్తూ చచ్చిపోయేలా ఉంది. మీకు దారి తెలిసే విద్య ఏదో ఉంది. అది నాకు చెప్పు" అని కథంతా చెప్పి ఆమె ముందు నేల మీద పడింది.

చీమల పెద్దమ్మ పుట్ట మీంచి కిందికి దిగింది. "ఏడవకు గుంటా, నీ కన్నీళ్ళకి నా పుట్ట కరిగిపోతాది. ఇల్లు పోతే ఎలాగుంటాదో మాకు తెలుసులే, ప్రతి వానాకాలం మాదీ పోతాది. విను. దారి మాలో ఎవరికీ తెలీదు. నాక్కూడా తెలీదు."

"మరి?"

"తిండి దొరికిన చీమ వెనక్కి వస్తూ ఇంత వాసన రాల్చుకుంటూ వస్తాది. దగ్గర దారిన పోయింది ముందు తిరిగొస్తాది, ముందు మళ్ళీ పోతాది. దాంతో ఆ దారిలో వాసన చిక్కబడుతాది. వాసన చిక్కగా ఉన్న వైపు తక్కినవాళ్ళు పోతారు. ఏదన్నా అడ్డొస్తే తడిమి పక్కకి తిరుగుతారు, మీ రాజులాగ కొండలు తవ్వరు. అంతే మా విద్య."

ఆమె గంపలోని బొమ్మల మీదికి ఎక్కి, ఒక్కొక్కదాని ముఖం మీద ఊదింది. చెక్కముక్కులకు వాసన తెలిసింది. చెక్కచేతులు ముందుకు చాచి తడమడం నేర్చాయి. "కుండలో మీ ఇళ్ళ దారులుంటే దానికి ఇళ్ళ వాసన ఉండి తీరాల. ఆ వాసన తగిలిన బొమ్మ వెనక్కి వస్తాది. ఒక్క బొమ్మకి ఆ కుండ కదలదు, అన్నీ ఒక్క దారిన పడి ఒక్కసారి తోస్తేనే" అని, దొన్నెలో ఏదో ఆకు పసరు ఇచ్చింది. "దీన్ని వాటి నడుములకి కట్టు. ఎండితే ఆరిపోతాది. ఆరిపోనీ, మళ్ళీ కొత్తగా పడుతూ ఉండాల" అంది.

పగడాలు దణ్ణం పెట్టి బయలుదేరింది. దారిలో ఆ పసరు చూసుకుని ఆమె మనసు ఊరుకోలేదు. ఇంత మంచి వాసనకు నిలవ లేకపోవడమేమిటి? ఆరిపోయే పని కూడా ఒక పనేనా? తండ్రి ఇచ్చిన లక్క కడ్డీ ఒకటి నిప్పు మీద కరిగించి, ఆ పసరంతా అందులో కలిపేసింది. పిల్లలూ, ఇక్కడ నాకు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. కానీ కథ చెప్పేవాడి చేతులు అంత దూరం పోవు.

తిరగలికొండ దూరం నుంచే వినిపించింది. గరగరమని రాతి మీద రాయి తిరిగే మోత. కొండ లోపలంతా రాతిసందులు. నడుమ దిగ్భ్రముడు కూర్చుని పెద్ద తిరగలి తిప్పుతూ ఉంటాడు. అది తిరిగినప్పుడల్లా గోడలు జరుగుతాయి. ఇప్పుడున్న సందు కాసేపటికి ఉండదు.

పగడాలు కొండ మొదట్లో కూర్చుని ప్రతి బొమ్మ నడుముకూ కరిగిన లక్క పోసిన ఒక చిన్న గొట్టం కట్టింది. ఇంటి వాసన తగిలి బొమ్మ వెనక్కి తిరిగినప్పుడే లక్క చుక్కలు రాలేలా చీల అమర్చింది. మరలు బిగించి వదిలింది. బొమ్మలు గడగడా లోపలికి పోయాయి. గోడలకు తగిలాయి, తడిమి పక్కకు తిరిగాయి. కొన్ని ఊరకే తిరిగి వచ్చాయి. చివరికి ఒక ఎర్ర బొమ్మ చుక్కలు రాలుస్తూ వచ్చింది. దాని చేతుల మీద పొయ్యి పొగ వాసన, ఉడుకుతున్న అన్నం వాసన! పగడాలు ఆ బొమ్మను గుండెకు హత్తుకుంది.

"అమ్మా, ఇంకాస్త ఓర్చుకోమ్మా" అని, అన్నిటినీ ఆ దారిన వదిలింది. ఒక్కొక్కటీ వెళ్ళి వస్తుంటే వాసన చిక్కబడింది. బొమ్మలన్నీ బారు కట్టాయి.

అప్పుడు తిరగలి గరగరమంది. గోడలు జరిగాయి. బొమ్మలు పోతున్న సందు చివర ఇప్పుడు కుండ లేదు, గొయ్యి ఉంది. కానీ లక్కలో కలిసిన వాసన చెక్కుచెదరలేదు. బొమ్మలు దాని వెంటే నడిచాయి. టక్. లోపల ఎక్కడో అడుగున చెక్క పగిలిన చప్పుడు. మళ్ళీ టక్. మళ్ళీ.

పగడాలు లోపలికి పరుగెత్తింది. గొయ్యి అంచున బోర్లా పడి, అందిన బొమ్మను అందినట్టు వెనక్కి లాగింది. లాగినవి మళ్ళీ లేచి గొయ్యి వైపే నడిచాయి. గోళ్ళతో నేల మీది లక్కను గీకింది. గోళ్ళు విరిగాయి గానీ లక్క ఊడలేదు. రంగవరం పని అది, ఎలా ఊడుతుంది? గొయ్యి అడుగున విరిగిన బొమ్మల కింద ఈటెలు, తలపాగాలు కనిపించాయి. గోడ మీద ఎర్రరంగుతో బాణం గుర్తులున్నాయి. సైనికులు కూడా చెరగని రంగుతోనే గుర్తులు పెట్టుకున్నారు, వాటిని నమ్మే నడిచారు.

కొండ లోపలి నుంచి నవ్వు వినిపించింది. "వచ్చారా రంగవరం వాళ్ళు! మీకు దారి తవ్వే శ్రమ కూడా నాకు అక్కర్లేదు. మీ దారే మిమ్మల్ని తింటుంది!"

మిగిలిన గుప్పెడు బొమ్మలను ఒళ్ళో కట్టుకుని పగడాలు బయటికి వచ్చింది. తండ్రి జీవితమంతా చేసిన బొమ్మలు. అమ్మకున్న ఒకే ఒక్క ఆశ. తన చేత్తోనే గొయ్యిలో పోసింది. ఇంటికి పోయి తండ్రి ఒళ్ళో పడి ఏడుద్దామన్నా ఇల్లెటో తెలియదు. ఎండలో రాయి మీద కూర్చుని, తల బాదుకుని ఏడ్చింది. ఎంత ఏడ్చినా కళ్ళ ముందు తల్లి నడుస్తూనే ఉంది. చేతులు నేలకు ఆనించి లేస్తోంది, నడుస్తోంది.

ఆరిపోనీ, అన్నది చీమల పెద్దమ్మ. ఆ మాట తను విన్నది, కానీ పట్టించుకోలేదు. తప్పిన దారి వాసన ఆరిపోతేనే గదా ఇంకో చీమ ఇంకో దారి చూసేది! చెరగకపోతే చచ్చిన బొమ్మే బతికిన బొమ్మకు దారి చూపిస్తుంది. ఇప్పుడు తెలిసి ఏం లాభం? పసరంతా లక్కలోనే పోయింది.

ఆరిపోయే వాసన ఇంకేముంది? కర్పూరం. మూత తీస్తే హరించుకుపోతుంది. పగడాలు లేచింది. గాలి వాసన చూస్తూ అడవిలో పడి వెతికింది. ముళ్ళు గీరుకున్నా, దాహంతో నాలుక పిడచగట్టినా ఆగలేదు. చివరికి ఒక లోయలో చల్లటి వాసన తగిలింది. పెద్ద కర్పూర వృక్షం, దాని బెరడు పగుళ్ళలో తెల్లటి కర్పూరం. చెట్టును చుట్టుకుని ఒక కొండచిలువ. దాని ఒళ్ళంతా పాత కుబుసం చిరిగి వేలాడుతోంది.

"ఇంకో అడుగు వేస్తే మింగుతాను" అంది కొండచిలువ.

"మింగాలంటే మింగు మామా, నాకు చావంటే భయం లేదు. ముందు కాస్త కర్పూరం ఇయ్యి. మా అమ్మని బతికించుకుని వొచ్చి నీ నోట్లో నేనే పడతాను" అంది పగడాలు. ఆమె ఆ మాట నిజంగానే అంది.

కొండచిలువ ఆమె గంపలోకి తొంగి చూసింది. "ఆ ఎర్రటి కడ్డీలేమిటి?"

"లక్క. ఏడు తరాలైనా పోని రంగు."

"ఆహా! ఏటా ఈ కుబుసం విడవలేక ప్రాణం విసిగిపోయింది. నా ఒంటికి ఆ రంగు వెయ్యి. ఎప్పటికీ ఒకేలా మెరిసిపోతాను. చెట్టు మీది కర్పూరమంతా నీదే."

బేరం బాగుంది. నాలుగు కడ్డీల్లో మిగిలినవి చాలు. పగడాలు లక్క చేతిలోకి తీసుకుంది. కానీ చెయ్యి ముందుకు పోలేదు. గొయ్యిలో టక్ టక్ మన్న చప్పుడు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

"మామా, నీకు నిజం చెప్పేస్తాను. తర్వాత నువ్వు కర్పూరం ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. ఇది వేస్తే నువ్వు మెరుస్తావు. కానీ ఒళ్ళు పెరుగుతాది, ఇది పెరగదు. ఊడదు. లోపలే బిగుసుకుని చచ్చిపోతావు. పోవాల్సింది పోకపోతే ఏటవుతాదో నేను పొద్దున్నే చూసినాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

కొండచిలువ ఆమెను రెప్పవేయకుండా చూసింది. పాములకు రెప్పలుండవనుకోండి, అది వేరే సంగతి. "ఇన్నేళ్ళలో ఈ చెట్టు దగ్గరికి వచ్చినవాళ్ళందరూ నాకు తియ్యటి మాటలే చెప్పారు. వాళ్ళందరినీ మింగాను" అంది. చుట్టలు సడలించి పక్కకు జరిగింది. "తీసుకుపో. ఆ కడ్డీలు మాత్రం ఈ లోయలో పారెయ్. చూస్తే మళ్ళీ ఆశ పుడుతుంది."

పగడాలు కొంగు నిండా కర్పూరం కట్టుకుని కొండకు పరుగెత్తింది. ముందు లక్క పడిన పాత సందు మొదట్లో రాళ్ళు పేర్చి మూసేసింది, బొమ్మలు తడిమి పక్కకు తిరిగేలా. బొమ్మల నడుములకు పలచటి గుడ్డమూటల్లో కర్పూరం పొడి కట్టి వదిలింది.

ఈసారి తిరగలి తిరిగి దారి మూసుకుపోయినప్పుడల్లా బొమ్మలు గోడను తడిమి ఆగాయి, పక్కకు తిరిగాయి. పాత జాడ కాసేపటికే హరించుకుపోయింది. ఇంకో బొమ్మ ఇంకో సందులోంచి ఇంటి వాసన మోసుకొచ్చింది. ఒక్కటీ గొయ్యిలో పడలేదు. కానీ మిగిలినవి గుప్పెడే కదా! జాడ చిక్కబడేలోగా గోడలు మళ్ళీ జరిగేవి. మళ్ళీ మొదటికి వచ్చేది. మరలు వదులవుతున్నాయి. కొంగులో కర్పూరం దానంతటదే తరిగిపోతోంది. ఆ తిరగలి కాసేపు ఆగితే చాలు. కాసేపంటే కాసేపే.

అప్పుడు పగడాలు ఒక బొమ్మ తెచ్చిన పలచటి జాడ పట్టుకుని తనే లోపలికి నడిచింది. గోడలకు చేతులు ఆనించి, అడ్డమొస్తే పక్కకు తిరిగి, వాసన పోయిన చోట ఆగి, మళ్ళీ తగిలిన చోట కదిలి, నడుమ ఉన్న గదికి చేరింది. అక్కడ దిగ్భ్రముడు రెండు చేతులా తిరగలి తిప్పుతున్నాడు. వాడి వెనక రాతి అరుగు అంచున నిలువెత్తు కుండ ఉంది.

"ఓసీ మానవ బాలికా! ఇక్కడి దాకా ఎలా వచ్చావు?" అన్నాడు వాడు ఆశ్చర్యపోయి. ఆ ఆశ్చర్యంలో వాడి చేతులు ఆగాయి. చేతులు ఆగగానే గోడలు ఆగాయి. పగడాలు అది చూసింది.

"మా అమ్మని ఇంటికి పంపించు" అని వాడి కాళ్ళ మీద పడింది.

దిగ్భ్రముడు నవ్వాడు. "ధైర్యానికి మెచ్చాను. సరే, నీ తల్లిని ఒక్కదాన్నే ఇంటికి పంపుతాను. నువ్వూ వెళ్ళు. కుండ మాట ఎత్తకు. తక్కినవాళ్ళు తిరుగుతూనే చావనీ."

మీకు అబద్ధం చెప్పను. పగడాలు సరేననబోయింది. అమ్మ ఇంటికొస్తుంది, తను ఆ కాళ్ళకు పసుపు రాస్తుంది, పడుకోబెడుతుంది. అంతకంటే ఈ లోకంలో ఆమెకేం కావాలి? నోటి దాకా వచ్చిన ఆ మాటను ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది, నెత్తురు వచ్చింది. వీధి వీధంతా తిరుగుతూ ఉంటే అమ్మ ఏ ముఖంతో పొయ్యి వెలిగిస్తుంది?

"మా అమ్మ ఏ అమ్మో నీకెలా తెలుస్తాది?" అంది.

"చెప్పు, తెలుసుకుంటాను."

పగడాలు చెప్పింది. మా అమ్మ ఎడమ చెయ్యి మీద చిలక పచ్చబొట్టు ఉంటుందంది. వాన పడితే ఇంట్లో కారే చోట్లన్నిటికీ గిన్నెలు పెట్టి, ఆ చప్పుళ్ళకు పాట కడుతుందంది. కోపం వస్తే మాట్లాడదు, గుమ్మం కడిగిందే కడుగుతుందంది. నాన్న ఆలస్యంగా వస్తే అన్నం మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోతుందంది. చెబుతుంటే ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. దిగ్భ్రముడు తిరగలి పిడి వదిలేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ ఉండిపోయాడు. ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఇళ్ళ కబుర్లంటే ఎంత ఇష్టమో వాడికే తెలుసు.

ఇంతలో గడగడమని చప్పుడైంది. ఒక బొమ్మ అరుగు మీదికి వచ్చింది. వెనక ఇంకొకటి. గోడలు ఆగేసరికి జాడ చిక్కబడి, బొమ్మలన్నీ ఒకే బారున పడ్డాయి. చేతులు చాచి కుండను తోశాయి.

రాక్షసుడు తేరుకుని తిరగలి మీదికి దూకాడు. పగడాలు పిడిని రెండు చేతులా కౌగిలించుకుని వేలాడింది. వాడు ఆమెను విసిరికొట్టాడు, గోడకు తగిలి పడింది. అప్పటికే కుండ అంచు దాటింది.

భళ్ళున పగిలింది. పొయ్యి పొగ, తడిసిన పెరటి మట్టి, కాగుతున్న పాలు, పసిపిల్లల ఉయ్యాల గుడ్డలు, వెయ్యి ఇళ్ళ వాసనలు ఒక్కసారిగా కొండంతా నిండి బయటికి ఉరికాయి. పగడాలును నలిపేయడానికి చెయ్యెత్తిన దిగ్భ్రముడు అలాగే నిలిచిపోయాడు. ఆ వాసనలన్నిటిలో తన గుహ వాసన కోసం వెతికాడు. అది లేదు. వాడి చెయ్యి కిందికి వాలిపోయింది.

"అందరి ఇళ్ళూ ఉన్నాయి. నాదేది?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

పగడాలు గోడ పట్టుకుని లేచింది. "నీ వాకిట్లో రాళ్ళు తీయిస్తాను. మా రాజు చేత తీయిస్తాను. నా మాట నమ్ము" అంది.

ఆమె మాట నిలబెట్టుకుంది. శరభపాలుడు స్వయంగా పలుగు పట్టి ఆ రాళ్ళు తొలగించాడు. గుహ పక్కనుంచి రహదారిని వంకర తిప్పాడు. ఆ వంశంలో ఎవరైనా పక్కకు తిరగడం అదే మొదటిసారి. తర్వాత రాజ్యంలో దారులన్నీ చూసే పెత్తనం పగడాలుకే ఇచ్చాడు. పాత దారి పనికిరాకపోతే మూసేసే అధికారం కూడా ఆమెదే. రాజకుమారుడు ఆమెను పెళ్ళాడాలని ఎంతోకాలం తిరిగాడు. చివరికి ఆమె ఒప్పుకుంది కూడా. అదంతా తర్వాతి ముచ్చట.

ఆ రోజు మాత్రం ఆమెకు రాజూ లేడు, రాజ్యమూ లేదు. గోడకు తగిలిన భుజం పట్టుకుని, అడవి దాటి, ఒకటే పరుగు. పొలాల్లో తిరిగేవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి, చుట్టూ చూసి, భోరుమని ఏడుస్తూ ఇళ్ళ వైపు పరుగెత్తుతున్నారు. వాళ్ళలో తల్లి కోసం వెతికింది. కనిపించలేదు. ఆలస్యమైపోయిందేమోనని ఇంకా గట్టిగా పరుగెత్తింది.

వీధి మలుపు తిరిగేసరికి బ్రహ్మజెముడు పొద లేదు. ఇల్లు ఉంది. గడప లోపల అప్పలాచారి నిలబడి బతిమాలుతున్నాడు. గడప బయట, ఎండలో, నెత్తురోడే పాదాలతో నూకాలు తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్ళడం లేదు.

"నిలబడలేకపోతన్నావే. లోపలికొచ్చి కూకో. మన గుంట వొచ్చేస్తాది" అంటున్నాడు అతను.

"గుంట బయటుంటే నేను లోపలికెలా వొస్తాను?" అంటోంది ఆమె.

పగడాలు పరుగెత్తి వెళ్ళి తల్లిని వాటేసుకుంది. నూకాలు ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఈసారి పోల్చుకుని, చాలాసేపు చూసింది. ఇద్దరూ ఒకరిని పట్టుకుని ఒకరు నడిచారు. ముందు ఎవరి కాలు గడప దాటిందని నన్నడగకండి. చూసి చెప్పడానికి వీధిలో ఒక్కరూ లేరు, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.